చెయ్యిచ్చినవాడు మంచోడా, మోసగాడా? జాతీయాలు భాష దాటితే ఏమవుతుంది

నెల్లూరు జిల్లా పొదలకూరులో ఒక నిమ్మకాయల వ్యాపారి ఉన్నాడనుకుందాం. సరుకు కొంత చెన్నైకి, కొంత ఢిల్లీకి పోతుంది. డబ్బులిస్తానన్న మనిషి రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. చెన్నైలో ఉన్న భాగస్వామికి ఈయన వచ్చీరాని తమిళంలో "అవన్ కై కుడుత్తుట్టాన్ అణ్ణే" అని చెప్పాడు. అవతలాయన "మంచిదే కదా, మరి టెన్షన్ ఎందుకు?" అన్నాడు. తమిళంలో 'కై కొడుత్తాన్' అంటే ఆపదలో ఆదుకున్నాడని అర్థం. మన వ్యాపారి మనసులో ఉన్నది 'చెయ్యిచ్చాడు' అనే తెలుగు మాట. రెండు భాషల్లోనూ చెయ్యి అదే, ఇవ్వడమూ అదే, అర్థం మాత్రం తలకిందులు.

ఇలాంటి చిక్కులు ఇప్పుడు ఎక్కువగా ఎదురవుతున్నాయి. ఫోన్లో అనువాద యాప్ లేని మనిషి లేడు. తమిళ, కన్నడ, హిందీ సిరీస్‌లు తెలుగు డబ్బింగుతో, సబ్‌టైటిల్స్‌తో ఇంట్లోకి వస్తున్నాయి. టెట్, డీఎస్సీలకు చదివే పిల్లలు "ఈ ఇంగ్లీషు సామెతకు సమానమైన తెలుగు సామెత ఏది?" అనే జాబితాలు బట్టీ పడుతున్నారు. ఆ జాబితాల్లో సగం జోడీలు నిజంగా జోడీలేనా అన్నది విడిగా చూడాల్సిన సంగతి.

ముందు పేర్లు తేల్చుకుందాం

జాతీయం అంటే విడివిడి మాటల అర్థాలు కలిపితే రాని అర్థం ఇచ్చే పదబంధం. 'నీళ్లు నమలడం'లో నీళ్లూ లేవు, నమలడమూ లేదు, జవాబు చెప్పలేక తటపటాయించడం ఉంది. దీని గుణం ఏమిటంటే, వాక్యంలో ఎటు కావాలంటే అటు వంగుతుంది. నీళ్లు నమిలాడు, నీళ్లు నమలొద్దు, నీళ్లు నమిలే మనిషి. క్రియ ఎలా మారితే అలా మారుతుంది.

సామెత అలా వంగదు. అది తనంతట తాను ఒక పూర్తి మాట, ఒక తీర్పు. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అన్నాక దాన్ని కాలానికీ మనిషికీ తగ్గట్టు మార్చం, ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెడతాం.

న్యాయం సంస్కృతం నుంచి వచ్చిన పొట్టి పోలిక. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయ న్యాయం. కుండెడు అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడటం స్థాలీపులాక న్యాయం. పేరు చూసి భయపడతాం గానీ, 'అన్నం ఉడికిందా లేదా తెలియడానికి ఒక్క మెతుకు చాలు' అని మన ఇళ్లలో అనేది అదే. తమిళులు 'ఒరు పానై సోట్రుక్కు ఒరు సోఱు పదం' అంటారు. పండితుల సంస్కృతమూ వంటింటి మాటా ఒకే కుండ దగ్గర కలుస్తున్నాయి.

ఈ తేడా తెలుసుకోవడం పరీక్ష కోసమే కాదు. జాతీయాన్ని భాష మార్చడం ఒక రకం పని, సామెతను మార్చడం ఇంకో రకం పని. సామెతకు కనీసం తన కథ తనలోనే ఉంటుంది, విన్నవాడు కాస్త ఆలోచిస్తే పట్టుకోగలడు. 'నాచ్ న జానే ఆంగన్ టేఢా' అన్న హిందీ సామెతను మాటకు మాట తెలుగులో చెప్పినా, నాట్యం రానివాళ్లు వాకిలి వంకర అంటున్నారని మనకు అర్థమైపోతుంది. జాతీయానికి ఆ సదుపాయం లేదు. 'నీళ్లు నమిలాడు' అని ఇంగ్లీషులో చెబితే దాహం వేసిందేమో అనుకుంటారు.

ఆడలేనమ్మ ఎవరి మీద వంక పెట్టింది?

పై హిందీ సామెతకు మన జోడీ 'ఆడలేక మద్దెల ఓడు'. ఇదే మాట దేశమంతా తిరుగుతోంది. తమిళంలో 'ఆడత్తెరియాదవళ్ కూడం కోణల్ ఎన్ఱాళాం', అంటే ఆట రానామె కూడం (ఇంట్లోని హాలు) వంకరగా ఉందందట. కన్నడంలో 'కుణియలారదవళు నెల డొంకు అందళంతె', అక్కడ నేలకే వంకర. హిందీలోనూ బెంగాలీలోనూ వాకిలి వంకర. ఇంగ్లీషువాళ్ల సామెతలో నాట్యమే లేదు, చేతగాని పనివాడు తన పనిముట్లను తిడతాడు.

అన్నిటికీ అర్థం ఒకటే అని జాబితాలో పక్కపక్కన రాసేస్తారు. కొంచెం దగ్గరికెళ్లి చూడండి. కూడం, నేల, వాకిలి: ఇవి ఎవరివీ కావు, ఎవరూ నొచ్చుకోరు. ఇంగ్లీషు పనివాడి పనిముట్లు వాడివే. తెలుగులో మాత్రం మద్దెల ఇంకొకరి చేతిలో ఉంది. ఆడలేనామె నింద పక్కన కూర్చున్న మద్దెలగాడి మీద పడుతోంది. అందుకే ఆఫీసులో తన పని చెడగొట్టుకుని పక్క సీటు మనిషి మీద తోసేవాడికి మన సామెత అతికినంత బాగా హిందీ సామెత అతకదు. పరీక్షకు రోడ్డు బాగాలేక ఆలస్యమైందని, బెంచీ ఊగిందని చెప్పే విద్యార్థికి హిందీదో కన్నడదో సరిగ్గా సరిపోతుంది. ఈ తేడాను సామెత కట్టినవాళ్లు ఉద్దేశించారని నేను అనను. వాడుకలో మాత్రం అది పనిచేస్తుంది.

ఇందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది. వాక్యం చివరలు చూడండి. తమిళంలో 'ఎన్ఱాళాం', కన్నడంలో 'అందళంతె', తెలుగులో విడమరిచి చెబితే 'ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట'. ఆ చివరి ఆం, అంతె, అట మూడూ ఒకే పని చేస్తాయి. ఇది నేనన్న మాట కాదు, ఎక్కడో విన్నది అని చెబుతాయి. ఎదుటి మనిషిని సూటిగా అనకుండా ఎవరో ఆడలేనమ్మను మధ్యలోకి తెచ్చే ఏర్పాటు ఇది. అత్తాకోడళ్లు, తోడికోడళ్లు ఒకే ఇంట్లో ఉంటూ మాట విసురుకోవాలంటే ఇంతకంటే భద్రమైన దారి లేదు. హిందీ సామెతల్లో సాధారణంగా ఈ తోక ఉండదు, క్రియ కూడా చాలాసార్లు ఎగిరిపోతుంది, మాట టక్కున తగులుతుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు 'అట' చేర్చకపోతే ఆ మాట మన చెవికి కటువుగా, కొట్లాటకు వచ్చినట్టు వినిపిస్తుంది.

దుత్త ఎందుకు, పిల్లి ఎందుకు: ప్రాస చేసే పెత్తనం

'అత్త మీద కోపం దుత్త మీద' అంటాం. దుత్త అంటే పాలో పెరుగో ఉంచుకునే చిన్న కుండ. నెల్లూరు పల్లెల్లో కూడా ఆ మాటను విడిగా వాడేవాళ్లు ఇప్పుడు తక్కువ, సామెతలో మాత్రం బతికి ఉంది. కోడలికి అత్త మీద కోపం వస్తే కుండే ఎందుకు పగలాలి? రోలు ఉంది, చీపురు ఉంది, చేద ఉంది. జవాబు వంటింట్లో లేదు, అక్షరాల్లో ఉంది. అత్తకు దుత్త ప్రాస.

కన్నడంలో ఇదే సామెత 'అత్తె మేలిన కోప కొత్తి మేలె'. కొత్తి అంటే పిల్లి. అక్కడ అత్తెకు కొత్తి ప్రాస, అందుకని దెబ్బ పిల్లికి పడింది. తమాషా ఏమిటంటే ఇంగ్లీషులోనూ ఒకరి మీద కోపం ఇంకొకరి మీద చూపడాన్ని 'కిక్ ద క్యాట్' అంటారు, అక్కడా తన్నులు పిల్లికే. ఈ రెండు పిల్లులకూ చుట్టరికం ఏమీ లేదు. హిందీలో ప్రాస గొడవ లేదు, చాకలి మీద చెయ్యి ఆడనివాడు గాడిద చెవులు మెలిపెడతాడు.

ఇలాగే 'పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు' అని మనం అంటే, తమిళులు నక్కను తీసేసి పూనైని, అంటే పిల్లిని పెట్టారు. పులి, పూనై, పోట్టుక్కొండదు అని పకారం వరస కుదిరింది. 'కాకి పిల్ల కాకికి ముద్దు' అన్నదానికి కన్నడంలో 'హెత్తవరిగె హెగ్గణ ముద్దు' అంటారు. కన్నవాళ్లకు పందికొక్కు కూడా ముద్దేనట! హకారం కోసం కాకి ఎగిరిపోయి పందికొక్కు వచ్చింది. మా వాడలో ఎవరి బిడ్డనైనా చూసి ఈ మాటను తెలుగు చేసి అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దీనివల్ల తెలిసేది, సామెతలో కనిపించే ప్రతి వస్తువూ ఆ ప్రాంతపు జీవితానికి సాక్ష్యం కాదని. కొన్ని నిజంగా సాక్ష్యాలే. 'మూలిగే నక్క మీద తాటిపండు' తాటితోపులున్న నేలకు సహజం, కావలి నుంచి దక్షిణంగా తీరం వెంట పోతే ఆ తాటిపండును కళ్లతో చూడొచ్చు. కానీ దుత్తను చూసి 'పూర్వం కోడళ్లు కుండలు పగలగొట్టేవారు' అని చరిత్ర రాయకూడదు.

జాబితాలో జోడీ, వాడుకలో కాదు

ఇప్పుడు అసలు ఇబ్బంది. 'ఇల్లు అలకగానే పండగ కాదు' అన్నదానికి ఇంగ్లీషు జోడీగా 'ఒక్క స్వాలో పిట్ట వస్తే వేసవి రాదు' అన్న సామెతను చాలా గైడ్లలో రాస్తారు. గ్రీకుల కాలం నుంచీ ఉన్న మాట అది. స్వాలో వలస పిట్ట, యూరప్‌కు అది తిరిగొస్తే ఎండాకాలం మొదలైనట్టు. ఒక్క పిట్టను చూసి కాలం మారిందనుకోవద్దు, ఒక్క ఆనవాలు చాలదు అని ఆ సామెత హెచ్చరిక. మనదాంట్లో ఆనవాలు ఊసే లేదు. ఇల్లు అలకడం పండగ పనిలో మొదటి మెట్టు, ఇంకా ముగ్గు ఉంది, పిండివంట ఉంది, పూజ ఉంది. మొదలుపెట్టిన పనిని పూర్తయిందనుకోవద్దు అని మన హెచ్చరిక. ఒక మండలంలో ఓట్లు బాగా పడ్డాయని గెలుపు ఖాయం అనుకునేవాడికి ఇంగ్లీషు సామెత చెప్పాలి. నామినేషన్ వేసి ఎమ్మెల్యే అయినట్టు తిరిగేవాడికి మనది చెప్పాలి. అన్నట్టు, మన పులికాట్‌కు ఫ్లెమింగోలు వచ్చేది చలికాలంలో. పిట్ట వస్తే వేసవి వస్తుందనే లెక్క ఇక్కడ పుట్టే అవకాశమే లేదు.

'నిండు కుండ తొణకదు' ఇంకో ఉదాహరణ. తమిళంలో 'నిఱైకుడం తళుంబాదు', కన్నడంలో 'తుంబిద కొడ తుళుకువుదిల్ల': మాటకు మాట అదే. హిందీలో 'అధ్‌జల్ గగరీ ఛలకత్ జాయ్', సగం నిండిన కుండ చిందుతూ పోతుంది. ఇంగ్లీషులో ఖాళీ గిన్నెలకు చప్పుడెక్కువ. కుండ అన్నిచోట్లా ఉంది గానీ దక్షిణాది సామెత తెలిసినవాడిని మెచ్చుకుంటోంది, మిగతావి తెలియనివాడిని వెక్కిరిస్తున్నాయి. సన్మాన సభలో పెద్దాయన గురించి నిండు కుండ అనొచ్చు. ఆ సభలోనే హిందీ సామెత చదివితే మైకు లాక్కుంటారు. ఇంగ్లీషు మాటకు మనకు కావాల్సింది 'వట్టి గొడ్డుకు అరుపులెక్కువ'. అది చేతిలో ఉండగా నిండు కుండను ఎందుకు తెస్తారో నాకు అర్థం కాదు.

పక్కింటి వైభోగం గురించిన సామెతల్లో చిక్కు ఇంకా సున్నితం. 'పొరుగింటి పుల్లకూర రుచి' ఒకటి, 'దూరపు కొండలు నునుపు' ఇంకొకటి మనకున్నాయి. రెండోది కన్నడంలో 'దూరద బెట్ట నుణ్ణగె' అని అచ్చంగా ఉంది. హిందీలో కొండ బదులు డోలు, 'దూర్ కే ఢోల్ సుహావనే'. తమిళంలో 'ఇక్కరైక్కు అక్కరై పచ్చై', ఈ గట్టు నుంచి చూస్తే అవతలి గట్టు పచ్చన. పెన్నకు అటు కోవూరు, ఇటు నెల్లూరు ఉన్నవాళ్లకు ఈ తమిళ సామెత ఎవరూ విడమరచక్కర్లేదు. ఇంగ్లీషులో కంచెకు అవతల గడ్డి పచ్చన.

వీటన్నిటినీ ఒకే గాటన కడతారు. పుల్లకూరలో ఉన్నది మనిషి గుణం, తన ఇంట్లో ఉన్నదాని మీద చిన్నచూపు. దూరపు కొండలో ఉన్నది దూరం చేసే మాయ, దగ్గరికెళ్తే రాళ్లూ ముళ్లూ కనిపిస్తాయి. తమిళ గట్టూ ఇంగ్లీషు గడ్డీ ఈ రెండిటి మధ్య నిలబడతాయి. పక్కవాడి ఉద్యోగం చూసి కుళ్లుకునేవాడికి పుల్లకూర. గల్ఫ్ వెళ్తే కష్టాలన్నీ తీరతాయనుకునే కుర్రాడికి దూరపు కొండలు. తారుమారు చేస్తే తప్పని ఎవరూ అనరు గానీ, ఉప్పు తగ్గిన కూరలా ఉంటుంది.

బొమ్మ ఒకటే, అర్థం వేరు

పైన చూసినవి బొమ్మ మారి అర్థం ఉజ్జాయింపుగా నిలిచినవి. దీనికి తిరగబడ్డ రకం ఎక్కువ ప్రమాదం. బొమ్మ ఒకటే కాబట్టి అర్థమైపోయిందనుకుంటాం.

జంతువుకు లేని కొమ్ముల సంగతి చూడండి. తెలుగులో కుందేటి కొమ్ము అంటే అసలు లేనిది, ఉండే వీలు లేనిది. తమిళంలో 'కుదిరై కొంబు', గుర్రపు కొమ్ము, అంటే దొరకడం మహా కష్టం. అద్దెకు మంచి ఇల్లు దొరకడం గురించి కూడా ఆ మాట వాడతారు. హిందీలో గాడిద నెత్తిన కొమ్ములు, 'గధే కే సిర్ సే సీంగ్'. దాని అర్థం ఇప్పటిదాకా ఉన్నవాడు చప్పున మాయమయ్యాడని. అప్పు తీసుకుని కనిపించకుండా పోయిన మనిషికి సరిపోయే మాట. లేదు, దొరకదు, మాయమైంది: మూడు కొమ్ములకూ మూడు అర్థాలు.

'నాలుక కరుచుకున్నాడు' అంటే మనకు మాట జారాక తప్పు తెలుసుకోవడం. ఇంగ్లీషులో 'బైట్ యువర్ టంగ్' అంటే మాట జారకముందే ఆపుకోవడం. ఇంగ్లీషు కథను తెలుగు చేసేవాళ్లు ఇక్కడ తరచూ పప్పులో కాలేస్తారు. ఆ పాత్ర ఏమీ అనలేదు, తెలుగులో మాత్రం ఏదో అనేసినట్టు అవుతుంది.

మోసం చేయడంలో మాత్రం దక్షిణాది భాషలకు ఐకమత్యం ఎక్కువ. మనం పంగనామం పెడతాం, తమిళులు పట్టై నామం వేస్తారు, కన్నడిగులు మూరు నామ. చెవిలో పువ్వు పెట్టడం మూడు భాషల్లోనూ ఉంది. హిందీలో టోపీ తొడుగుతారు, ఆ టోపీ మనదాకా వచ్చి కుచ్చు కట్టుకుని కుచ్చుటోపీ అయింది. అయితే తమిళంలో 'అల్వా కుడుత్తాన్' అన్నది తెలియకపోతే కష్టం. హల్వా ఇచ్చాడంటే మోసం చేశాడని. పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొస, తడ, సూళ్లూరుపేట వైపు జనానికి ఇవన్నీ ఉగ్గుపాలతో వస్తాయి. ఒంగోలు దాటితే హల్వా స్వీటే.

అనువాద యాప్‌లు తడబడేదీ ఇక్కడే. యంత్రం రెండు భాషల్లోని వాక్యాల జతలను బోలెడన్ని చూసి నేర్చుకుంటుంది. బాగా వాడుకలో ఉన్న జాతీయాన్ని చాలాసార్లు చూసి ఉంటే పట్టేస్తుంది. కానీ 'నాడి చూడమని డాక్టరుకు చెయ్యిచ్చాడు', 'నమ్మిన స్నేహితుడికి చెయ్యిచ్చాడు' అన్న రెండు వాక్యాలకూ పైకి కట్టుబడి ఒకటే. మొదటిది నిజం చెయ్యి, రెండోది మోసం. తేడా చెప్పేది చుట్టూ ఉన్న మాటలే. చుట్టూ మాటలు లేని ఒక్క లైను సబ్‌టైటిల్ వస్తే మనిషికైనా కష్టమే.

ఇంగ్లీషు నుంచి దిగినవి మనవేనా?

మొసలి కన్నీరు తెలుగులో ఉంది, తమిళంలో ముదలై కణ్ణీర్, హిందీలో మగర్‌మచ్ఛ్ కే ఆంసూ. ఇన్ని భాషల్లో ఇంత అచ్చంగా ఉండటానికి కారణం అందరూ యూరప్ నుంచి తెచ్చుకోవడమే. 'మెరిసేదంతా బంగారం కాదు' కూడా అలాంటిదే. దానికి మన పాత మాట 'తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్లు కావు'. తమిళ, కన్నడాల్లోనూ తెల్లనివన్నీ పాలు కావనే సామెత ఉంది. మన నేల మాట పాలది, దిగుమతి అయింది బంగారం.

వీటి మీద రెండు వాదాలున్నాయి. ఇవి భాషను పాడు చేస్తున్నాయని ఒక వాదం. 'బంతి ఇప్పుడు మీ కోర్టులో ఉంది' అని పత్రిక రాస్తే, టెన్నిస్ చూడని పాఠకుడికి కోర్టంటే కేసుల కోర్టే గుర్తొస్తుంది. బొమ్మ కళ్లకు కట్టకపోతే ఇక జాతీయం ఎందుకు అని వాళ్ల ప్రశ్న, అందులో పస ఉంది. భాష ఎప్పుడూ ఇలాగే పెరిగిందని రెండో వాదం. కాకతాళీయం సంస్కృతం నుంచి, కుచ్చుటోపీలో టోపీ హిందీ వైపు నుంచి వచ్చినప్పుడు ఎవరూ ఏడవలేదు కదా అంటారు. 'పచ్చజెండా ఊపారు' అన్న మాటనే తీసుకుంటే, రైళ్లు రాకముందు తెలుగులో అది లేదు. బిట్రగుంట లాంటి రైల్వే ఊరివాళ్లకు అది పరాయి మాటని చెప్పి ఒప్పించడం కష్టం. నా మటుకు నాకు తేడా ఒక్కటే: బొమ్మ కనిపిస్తోందా లేదా. పచ్చజెండా కనిపిస్తోంది. టెన్నిస్ బంతి ఇంకా కనిపించడం లేదు.

అనువదించేవాళ్ల రెండు దారులు

బొమ్మను ఉన్నదున్నట్టు ఉంచాలా, మన బొమ్మ పెట్టాలా అన్నది పాత తగాదా. ఉంచితే పాఠకుడికి కొత్త లోకం తెలుస్తుంది, కానీ చదువు కుంటుతుంది. మారిస్తే సాఫీగా సాగుతుంది, కానీ లండన్ పనివాడు తెలుగు సామెతలు పలుకుతాడు.

మారుస్తూ సాగిన దారికి మన నెల్లూరు, ఒంగోలు సీమలే పెద్ద ఉదాహరణలు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన మహాభారతంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేశాడు. పాత్రలు సంస్కృతం నుంచి వచ్చినా వాటి నోట పలికేది తెలుగు నుడికారం. తర్వాతి శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎర్రన అరణ్యపర్వంలో మిగిలిన భాగం పూర్తి చేశాడు. ఉంచే దారికి ఉదాహరణ 1868లో మద్రాసులో అచ్చయిన కెప్టెన్ కార్ తెలుగు సామెతల సంకలనం. అనువదించి, ఉదాహరించి, వివరించినవని పుస్తకం పేరులోనే చెప్పాడు. అనువాదం ఒక్కటే చాలదని ఆయనకు తెలిసినట్టుంది.

ఒక వాక్యాన్ని పట్టుకుని చూద్దాం. 2025లో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాలు 50 శాతానికి పెంచింది. దాంతో రొయ్య ధర పడిపోయిందని కంగారు పడుతున్న రైతు చెరువులో రొయ్యలకు వైట్ స్పాట్ రోగం కూడా తగిలిందనుకుందాం. పక్క చెరువు రైతు "గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నా" అంటాడు. ఇది హిందీలోకి వెళ్లాలి. అక్కడ సిద్ధంగా ఉన్నది 'కంగాలీ మే ఆటా గీలా', పేదరికంలో ఉన్న కాస్త పిండీ నీళ్లెక్కువై పాడైపోయింది. అర్థం సరే, కానీ అందులో పేదరికం అనే మాట పైకే ఉంది. పది ఎకరాల చెరువున్న రైతును కంగాల్ అంటే నొచ్చుకోవచ్చు. తమిళంలో 'పట్ట కాలిలే పడుం, కెట్ట కుడియే కెడుం', దెబ్బ తగిలిన కాలికే మళ్లీ తగులుతుంది. మొదటి సగం చక్కగా సరిపోతుంది. రెండో సగం చెడిన కుటుంబమే మళ్లీ చెడుతుందని, అది రైతు ముందు అనడం బాగుండదు, అంచేత సగమే చెప్పి ఆపాలి. ఇంగ్లీషులో వాన పడితే కుండపోతే అనే సామెత ఉంది, బాధ కంటే విసుగు ఎక్కువ అందులో. తెలుగులో కూడా 'మూలిగే నక్క మీద తాటిపండు' ఇదే అర్థానికి ఉంది, కానీ ఎదురుగా ఉన్న మనిషిని నక్క చేయలేం, ఆ మాట వేరేవాళ్ల దగ్గర ఆయన గురించి చెప్పడానికే. గోరుచుట్టు మాత్రం ఎవరికైనా వచ్చేదే, అందుకే ఓదార్పులో నడుస్తుంది. కాబట్టి సమానమైన సామెత ఏదన్న ప్రశ్నకు ముందు ఎవరు, ఎవరితో, ఎవరి ఎదుట అంటున్నారో అడగాలి.

ఊరు దాటని మాటలు

కొన్నిటికి ఊరే ఆధారం. కొండవీటి చేంతాడు అంటే తెగని జాబితా, కొండ మీద లోతైన బావులకు పొడవాటి తాడు కావాల్సి వచ్చేదని చెబుతారు. అద్దంకి తర్వాత రెడ్డిరాజుల రాజధాని ఆ కొండవీడే. తమిళులు పొడవుకు హనుమంతుడి వాలం అంటారు, అది మనకూ పనికొస్తుంది. ఉర్దూ, హిందీల్లో 'శైతాన్ కీ ఆంత్', సైతాను పేగు. పొడవు వరకు మూడూ ఒకటే. కానీ హనుమంతుడి తోకలో భక్తి, సైతాను పేగులో చీదర, చేంతాడులో నీళ్లు తోడే చేతుల విసుగు ఉన్నాయి.

'ఆ బైల్ ముఝే మార్', ఎద్దా వచ్చి నన్ను పొడువు, అన్న హిందీ మాటకు మన జోడీ కొరివితో తల గోక్కోవడం. ఎద్దుకు పేరుపడ్డ ఒంగోలు సీమలో కూడా ఆపద కొనితెచ్చుకునేవాడు ఎద్దును పిలవడు, పొయ్యిలో కొరివినే వెతుక్కుంటాడు. ఆ ఒంగోలు జాతి పశువు బ్రెజిల్ వెళ్లి అక్కడ 'నెలోర్' అనే పేరుతో స్థిరపడింది. జాతీయాలూ అంతే, వెళ్లినచోట ఏ పేరు పెడితే ఆ పేరుతో బతుకుతాయి, మూపురం మాత్రం కనిపిస్తుంది.

ఇప్పుడిప్పుడే తయారవుతున్నవి కూడా ఉన్నాయి. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు, తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుంటారు, తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె. అక్కడ అరగంట నిలబడితే తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం చెవిన పడతాయి. 'వీసా రొట్టె పట్టుకున్నాడు' అన్నది ఇంకా జాతీయం కాలేదు, జరిగిన పనికే పేరు. చెరువుకు పోనివాడి గురించి కూడా ఆ మాట అనడం మొదలైతే అప్పుడవుతుంది. అప్పుడు దాన్ని తమిళంలో చెప్పాలన్నా, కన్నడంలో చెప్పాలన్నా ముందు పండగ సంగతి చెప్పుకు రావాలి.